వరదరాజులు గట్టిమేళం

మా బావ వరదరాజులుకు తిరుత్తణిలో పెళ్లిబ్యాండు ఉంది. దాన్ని ఆయన ఆర్కెస్ట్రా అంటాడు. అందరి కోట్లకూ బంగారు రంగు గుండీలు కుట్టించిన రోజున ఆ పేరు పెట్టాడు. అందులో క్లారినెట్టు నాది. ఆయన గొప్పలు చెవులారా వినే భాగ్యమూ నాదే.

ఆయనకు స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పాటంతా కంప్యూటర్‌లో ఎక్కించి, ఎవరి వాయిద్యం వరుస వాళ్ల ఫోనుకు పంపడం మొదలుపెట్టాడు. "ఇంక పంతులు చెయ్యి చూసే పని లేదు. ఫోను చూసి వాయించండి" అన్నాడు.

తాళి కట్టే వేళ పంతులు వేలు ఆడిస్తే డోళ్లూ బాకాలూ ఒక్కసారిగా మోగాలి. అప్పుడు ఎవరు తుమ్మినా వినబడకూడదని ఆ గట్టిమేళం. ఆ చోట మా బావ మూడు సూచనలు రాశాడు: వేగంగా, గట్టిగా, అందరూ. మూడూ ఒక్కచోట ఇరుకుగా ఉన్నాయని ఒకటి డోలు వరుస మీద, ఒకటి క్లారినెట్టు మీద, ఒకటి తాళాల మీద సర్దాడు. చూడ్డానికి ముగ్గులా ఉందని మురిసిపోయాడు.

కూతురు ప్రియదర్శిని చెప్పనే చెప్పింది. "నాయనా, మూడూ ఒగ సంగతే గదా. ఒగ కట్టగా కట్టి అందరికీ పంపు. ఇట్ల విడదీస్తే ఎవురి ముక్క వాళ్లకే పోతాది."

"పెండ్లికూతురివి, పోయి గోరింటాకు పెట్టుకో" అన్నాడు ఆ మహానుభావుడు.

అవును, ఆ పెళ్లి ఆమెదే. పొదటూరుపేట నుంచి వచ్చిన వియ్యపురాలు సుందరవల్లి పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనిషి. "ముహూర్తానికి అపశకునం వినబడిందా, పెండ్లి నిలిపేస్తా" అని ముందే చెప్పింది.

పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. పంతులు వేలెత్తబోతే బావ కళ్లురిమాడు. మేము ఫోన్లు చూశాం. డోలు వేగం అందుకుంది, కానీ గుసగుసలాడినట్టు. నేను గట్టిగా ఊదాను, ఎద్దుబండి నడకలో. తాళాల ఎలుమలైకి "అందరూ" అని మాత్రమే కనబడింది. అందరూ ఏం చెయ్యాలో తెలియక మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు. ఒకరికొకరు పొసగక అందరం ఆగిపోయాం.

ఆ నిశ్శబ్దంలో హోమం పొగకు ఒక తుమ్ము వినబడింది. తుమ్మింది వరదరాజులే.

పెళ్లికొడుకు చెయ్యి ఆగింది. సుందరవల్లి లేచింది. మా అక్క మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూసి నాకు ఏడుపొచ్చింది, ఆయన్ను చూసి ఒళ్లు మండింది.

అప్పుడు పెళ్లికూతురు తలెత్తింది. బాసికం పక్కకు జరుపుకుని, మా వైపు వేలెత్తి ఆడించింది.

"మామా, ఫోన్లు పక్కన పెట్టండి. నన్ను చూసి వాయించండి."

వాయించాం. మండపం రేకులు అదిరాయి. సుందరవల్లి చేతులు తిప్పుతూ ఏదో అంటూనే ఉంది, ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. మూడు ముళ్లూ పడ్డాయి.

మా బావ ఆ మోతలో ఇంకోసారి తుమ్మాడని తర్వాత అక్క చెప్పింది.