తుడిచినా పోని సున్నం

రబ్బరు గ్లౌజు వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు ఎద్దుల సంత కనపడతాది. నవ్వుకుంటే నవ్వుకోండి, నిజమే చెప్తాండా. మా వైపు పళ్ళను గూడా పండ్లనే అంటాం. పోయిన వారం బెంగళూరులో మా వీధి చివరుండే పండ్ల డాక్టరమ్మ కుర్చీని వెనక్కి వంచి, తెల్ల లైటును మొహం మీదికి లాగి, బొటనవేలితో నా కింది పెదవిని అట్లా నొక్కిందో లేదో, మూసుకున్న నా కండ్లకు ఆ గ్లౌజులో ఇంకో వేలు కనపడింది. నల్లగా, గరుగ్గా, గోరు చివర సున్నం అంటి, పశువుల వాసనా వక్కాకు వాసనా కలిసి గుప్పుమనే మా జేజినాయన బొటనవేలు. ఫోన్ కడుపు మీద పెట్టుకోని గట్టిగా పట్టుకున్నా. ఆ కుర్చీలో గూడా దాన్ని వదలను నేను.

నాకు నొప్పేం లేదు. ఆర్నెల్లకోసారి ఊరికే చూపించుకునేకి పోతా, అంతే. నొప్పి లేకుండా ఆస్పత్రికి పోయే మనిషిని నిన్నే చూసినా అని నా రూమ్మేటు ఎప్పుడూ ఎగతాళి చేస్తాంటాది. ఆ ఎగతాళి చేసిన మనిషే మొన్న దవడ గుమ్మడికాయ మాదిరి ఉబ్బి, మెతుకు నమల్లేక, గంజి తాగుతా కూచునింది. పన్ను ఎప్పట్నుంచో పుచ్చుతానే ఉండాదంట. నాకు జాలి రావాల్సింది, కోపమొచ్చింది. నొప్పి లేదు గదా అనే మాట వింటే నాకు తిక్క లేస్తాది. నా చిన్నప్పుడు ఆ మాటే మా జేజినాయనను మింగబోయింది.

జేజినాయనంటే నాయనకు నాయన. పేరు హుసేనప్ప, ఊరు తనకల్లు, పని ఎద్దుల బేరం. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి జత కుదిర్చే దళారి. నాయన పరుపులు, సోఫాలు కుట్టే పని మీద బెంగళూరు చేరినాడు కాబట్టి నేను పుట్టింది, పెరిగింది ఈడనే. కానీ ఎండాకాలం సెలవులొస్తే చాలు, నన్ను కదిరి బస్సెక్కిచ్చేవాళ్ళు. దిగేసరికి ఎండ నెత్తిన పెనం బోర్లించినట్టు ఉంటాండె. ఎర్రమట్టి దుమ్ము, దున్ని వదిలేసిన చెనిక్కాయ చేన్లు, వాన కోసం నోరు తెరుచుకోని పండుకున్న ఎండు కుంటలు, వాటన్నిటి మధ్య మా ఇంటి ముందరి అరుగు. ఆ అరుగు మీద నేను, చిన్నాయన పిల్లోళ్ళిద్దరూ వరసగా కూచోవాల. మాకు నీళ్ళు గూడా ఇయ్యకముందే జేజినాయన వచ్చి, ఒక్కొక్కరి పెదవి నొక్కి, తల వెలుగుకు తిప్పి, నోరంతా పరీక్ష చేస్తాండె. ఒక ఏడు నా పాలపన్ను ఊడకముందే దాని వెనకాల ఇంకో పన్ను మొలుస్తాండాదని ఆయనే పసిగట్టి, పాపను డాక్టరు కాడికి తీసుకపొమ్మని నాయనకు ఫోన్ చేసి మొత్తుకున్నాడు. ఇప్పుడు నా పండ్లు వరసగా ఉండాయంటే ఆ మొత్తుకోడం వల్లనే.

ఆ పరీక్ష అయినంకనే తిండి. జేజి, అంటే మా నాయనమ్మ, వేడి వేడి బొరుగుల ఉగ్గాని తెచ్చేది, పక్కన మిరపకాయ బజ్జీలు. సాయంత్రాలు చెనిక్కాయలూ బెల్లమూ దంచి కట్టిన ఉంటలు. పచ్చి చింతకాయకు ఉప్పూ కారం అద్దుకోని నాలిక పొక్కేదాకా తింటాంటిమి. పీర్ల పండక్కి వచ్చినప్పుడైతే రొట్టె, బెల్లం నలిపి కట్టిన మలీద ముద్దలు జేబుల్లో పెట్టుకోని, నిప్పుల గుండం చుట్టూ తిరుగుతా తినేవాళ్ళం. ఎవురు ఎంత గట్టి బెల్లం గడ్డ కొరికితే వాళ్ళే మొగోళ్ళు అని మా పందెం. నేను ఆడపిల్లనైనా ఎప్పుడూ నేనే మొగోన్ని.

జేజినాయన నన్ను కదిరి సంతకు గూడా తీసుకపోయేవాడు. అబ్బా, ఆ సంత! రంగులేసిన కొమ్ములు, మెడల్లో గంటలు, పేడ, ఎండుగడ్డి, బీడీ పొగ, ఎద్దుల నోటి నుంచి జారే చొంగ, వాటి మధ్యలో టీ గ్లాసులు పట్టుకోని దూరే మనుషులు. ఎద్దుకు పైన ముందు పండ్లే ఉండవని నాకు తెలిసిన రోజు నేను గంతులే గంతులు. బెంగళూరుకు పోయి క్లాసంతా చెప్తే ఎవురూ నమ్మలా, ఒకడితో కొట్లాట గూడా అయింది. రెండు పండ్లేసిందంటే లేత కోడె. తర్వాత నాలుగు, ఆరు, కడపండ్లు గూడా వచ్చినాయంటే వయసు నిండినట్టు. అమ్మేవాడు ఎన్ని కతలు చెప్పినా జేజినాయన చెవిన పెట్టడు. పండ్లు, చిగుర్లు, నాలిక కింద, చంపల లోపల అంతా చూసి గానీ ముక్కుతాడు ముట్టుకోడు. బక్రీదు ముందర మా వీధిలో పొట్టేలు కొన్నోళ్ళంతా రెండు పండ్లేసిందో లేదో చూడమని ఆయన కాడికే తోలుకొచ్చేవాళ్ళు. ఊర్లో నోరుండే ప్రాణి ఏదైనా ఆయన వేలు పడాల్సిందే. ఆయన నోరు మాత్రం ఎవురూ చూడలా.

ఆ నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉంటాండె. నడుముకు గుడ్డతిత్తి, అందులో ఆకులు, వక్కలు, సున్నం డబ్బా, పొగాకు. నమిలి నమిలి ఎడమ చంపలో ముద్ద పెట్టుకోని, ఆ ముద్దతోనే బేరం మాట్లాడేవాడు.

మధ్యాన్నాలు ఎండకు మమ్మల్ని బయటికి పోనీరు కాబట్టి వసారాలో మేము సంత ఆట ఆడుకుంటాంటిమి. ఒకరు ఎద్దు, ఒకరు దళారి, ఒకరు రైతు. ఎద్దయ్యేకి ఎవురూ ఒప్పుకోరు, మోకాళ్ళు కాలతాయని. ఒకరోజు జేజినాయన వక్కాకు ఉమ్మేసి, తానే ఎద్దునవుతానని, తువ్వాలు మెడకు తాడు మాదిరి కట్టించుకోని గడప కాడ చతికిలబడినాడు. నేను దళారి. నా చేతిలో నాయన పాత కీప్యాడ్ ఫోను ఉండె, దాని నెత్తిన చిన్న టార్చి. అప్పట్నుంచే ఫోన్ నా చేయి వదల్లా. ఆయన మాదిరే గొంతు లావు చేసి, పెదవి నొక్కి, ముసలిదప్పా ఇది, మడక కట్టి దున్నేకి పనికిరాదు అంటా టార్చి లోపలికి కొట్టినా. ఎడమ చంప లోపల తెల్లగా ఉండె. గోడకు సున్నం కొడతాంటే చింది పడిన మరక మాదిరి.

"జేజినాయనా, ఈడ తెల్లగా ఉండాది."

"సున్నంలే పాపా. పొద్దన్నుంచి నమిలేది అదే గదా."

తువ్వాలు కొన తడిపి తుడిచినా, పోలా. నీళ్ళు పుక్కిలించి రమ్మన్నా, వచ్చినాడు, మళ్ళా టార్చి కొట్టినా. ఆడనే ఉండాది. మా బళ్ళోకి ఏటా పండ్ల డాక్టర్లు వచ్చి అందరి నోర్లూ చూసిపోయేవాళ్ళు. ఒకసారి నా దవడపన్ను మీద నల్లచుక్క కనిపెట్టి, నాకు నొప్పంటే ఏందో తెలిసేలోపల పూడ్చేసినారు గూడా. ఆ డాక్టర్లే ఒక చార్టు తెచ్చి చూపించినారు. తుడిచినా పోని తెల్ల మచ్చ నోట్లో కనపడితే వెంటనే చూపించుకోవాలని ఒక బొమ్మ. దాని కింద, చూపించుకోకుండా ఉన్న మనిషి చంప బొమ్మ, పుండు తొలిచేసింది. ఆ రెండో బొమ్మ చూసినాక నేను ఆ రోజు అన్నం ముట్టలా.

ఇంట్లో అరిచి గోల చేసినా. అందరిదీ ఒకటే మాట, సున్నం. జేజి గూడా, అది ఎప్పట్నుంచో ఉండేదేలే, వక్కాకు నమిలే నోరన్నాక తెల్లగా ఉండదా అనింది. తెల్లగుంటే సున్నమే అనుకుని, ఆ ఇంట్లో ఎవురూ ఎప్పుడూ దాన్ని తుడిచి చూడలా. జేజినాయనకైతే ఇంకో జవాబు సిద్ధం. నొప్పి లేదు, వాపు లేదు, బెల్లం గడ్డ ఇప్పటికీ కొరుకుతా, డాక్టరు కాడికి పోయి ఏం చెప్పాల? నాయనకు ఫోన్ చేసినా. ఆయన చెప్పినా ముసలాయన వినలా. కోపమొచ్చి ఉగ్గాని ప్లేటు తోసేసినా, ఆయనతో మాట్లాడ్డం మానేసినా. లోపల మాత్రం ఒకటే భయం, సెలవులైపోతాయి, నేను బెంగళూరు పోతా, ఆ రెండో బొమ్మ ఈయన చంపలోకి వస్తాది.

ఆ తర్వాతి సంతకు మాటల్లేకుండానే ఆయన వెంట పోయినా. ఒక రైతు మంచి జత తెచ్చినాడు, నిగనిగలాడతాండాయి, గడ్డి కసకసా నములుతాండాయి. జేజినాయన పక్కన ఎర్రిస్వామి నిలబడి ఉండె. ఆయన గూడా దళారే, ఆయన నోట్లో గూడా వక్కాకే. జేజినాయన ఎద్దు కాడికి పోయి నోరు తెరవబోతే ఆ రైతు, ఏమప్పా, నా ఎద్దులకు ఏ నొప్పీ లేదు, మేత చూడు ఎట్లా మేస్తాండాయో అన్నాడు. జేజినాయన నవ్వి, మేత సంగతి నాకెందుకు, నోరు చూడాల అని కింది పెదవి కిందికి లాగినాడు. నాకు అరికాళ్ళ నుంచి మంట లేసింది.

"ఎద్దుకు నొప్పి లేకపోయినా నోరు చూస్తావు గదా జేజినాయనా. నీ నోటికి మాత్రం నొప్పి రావాల్నా?"

సంతలో చుట్టూ ఉన్నోళ్ళు తిరిగి చూసినారు. ఎర్రిస్వామి పగలబడి నవ్వినాడు.

"హుసేనన్నా, నీ మనవరాలు నీకే ముక్కుతాడేసె గదప్పా."

జేజినాయన నవ్వలా. ఎద్దు పెదవి వదిలేసి, చేయి తువ్వాలుకు తుడుచుకోని, నా మొహం కాసేపు చూసినాడు. ఆయన కండ్లల్లో కోపం లేదు, బేరంలో చిక్కినప్పుడు వచ్చే ఆలోచన. జత సంగతి ఎర్రిస్వామికి అప్పజెప్పి, సంత నుంచి నేరుగా కదిరిలో పండ్ల డాక్టరమ్మ కాడికి నడిచినాడు. నేను ఎగురుకుంటా వెనకాల.

ఆమె చిన్న అద్దం పెట్టి చూసింది, దూదితో తుడిచింది, పోలా. మొహం మార్చకుండా, దీంట్లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనింది. పెద్దాస్పత్రికి పోయినాం. నాయన బెంగళూరు నుంచి పరిగెత్తుకోని వచ్చినాడు. పరీక్ష ఏం చెప్తాదో తెలిసేదాకా జేజి వంటలో ఉప్పు మర్చిపోయేది, మేము సంత ఆట మానేసినాం. చివరికి మాట వచ్చింది. ఆ మచ్చ ఇంకా క్యాన్సరు కాలా. కానీ అటు పక్కకే తిరిగింది. దాన్ని తీసేసి కుట్లేసినారు, పొగాకు, వక్క అన్నీ బంద్ అని చెప్పినారు, కొన్నాళ్ళకోసారి వచ్చి నోరు చూపించుకోమన్నారు. కదిరి డాక్టరమ్మ కాడికి చెప్పుకునేకి పోతే, ఆమె అనింది, "నొప్పి పుట్టకముందే వచ్చినావు తాతా. నొప్పితో వచ్చింటే కోసేది ఇంత చిన్నగా ఉండేది కాదు."

జేజినాయన నా వైపు చేయి చూపించినాడు. "నాకు మంచి దళారి దొరికిందమ్మా."

వక్కాకు మానడం మాత్రం యుద్ధమే. జేజి తిత్తిని బియ్యం డబ్బాలో దాస్తే, ఆయన ఇల్లంతా వెతికి, అరిచి, కోళ్ళ మీద గూడా అరిచి, ఆఖరికి చెనిక్కాయలు వలుచుకుంటా అరుగు మీద కూచున్నాడు. నా కోపం యాణ్ణుంచి వచ్చిందో అప్పుడే నాకు తెలిసింది. కానీ మానినాడు. ఇంగ చూడాల తమాషా! సంతలో ఎద్దుల నోర్లతో పాటు మనుషుల నోర్లు గూడా చూడ్డం మొదలు పెట్టినాడు. టార్చి పట్టుకోని, ఏమప్పా, నోరు తెరువు అని. ఎర్రిస్వామి తప్పించుకోని తిరుగుతాంటే పట్టుకోని చూస్తే, విరిగిన పన్ను మొన నాలికను గీరి గీరి పుండు చేస్తాండాది. ఆయనను గూడా కదిరికి తోలినాడు. ఆ మొన నునుపు చేసినాక పుండు మానిపోయింది. ఇట్లా చూపించుకోమనడమే గానీ జేజినాయన మందు ఎవురికీ చెప్పేవాడు కాదు. నేను వేలు పెట్టి చూసేవాణ్ణే, డాక్టరు అద్దం పెట్టి చూస్తాది అంటాండె.

పోయిన వారం నా నోట్లో డాక్టరమ్మకు దొరికింది చిన్నదే. పైకి కనపడలా, ఫొటో తీస్తే రెండు పండ్ల సందున చుక్క. ఆ కుర్చీలోనే పూడ్చేసింది. బయటికొచ్చి మెట్ల మీద కూచోని వీడియో కాల్ చేసినా. జేజినాయన ఎత్తినాడు. ఆయన వెనకాల సంత మైదానం కనపడతాండాది. ఒకప్పుడు ఎద్దులు కట్టేసినచోట వరసగా ట్రాక్టర్లు, మూలకు మాత్రం రెండు మూడు జతలు. రంగు కొమ్ములు లేవు, గంటల చప్పుడు లేదు, ఆ రోజుల్లో కాలు పెట్టేకి సందు లేని ఆ నేల మీద ఇప్పుడు గాలికి ప్లాస్టిక్ కవర్లు దొర్లుతాండాయి. ఆయన నడుముకు తిత్తి గూడా లేదు. ఆయనే అడిగినాడు.

"ఏం చెప్పింది డాక్టరమ్మ?"

"రెండు పండ్ల సందున చుక్కంట. పూడ్చేసింది."

"రెండు పండ్లేనా? ఇంగా లేత కోడెవే నువ్వు."

నవ్వుతా నవ్వుతా ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకోని, ఎవురో పట్టిన టార్చి వెలుగులో, అడక్కుండానే ఎడమ చంప పక్కకు లాగి చూపించినాడు. మొహం కనపడలా, సంత కనపడలా. స్క్రీన్ నిండా ఎర్రటి చంప. సున్నం చుక్క గూడా లేదు.