పదకొండో సంచిక

మంగళవారం పొద్దున్నే రాజోలు నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు, బాబాయిగారు పోయారని. అప్పటికి ఆయనకివ్వాల్సిన పుస్తకం ఎనిమిది రోజులుగా నా సంచిలోనే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆయన బస్సు కండక్టరు. పాత డిటెక్టివ్ మాసపత్రికలు పోగెయ్యడం ఆయన పిచ్చి. పి.గన్నవరంలో బస్సాగితే చాలు, పాత పేపర్ల కొట్లో దూరేవారు. "కండక్టరుగారూ, మీరొస్తేగాని బండి కదలదండీ" అని ప్రయాణికులు కేకేస్తే, "ఆయ్, వచ్చేస్తన్నానండీ" అంటూ దుమ్ము దులుపుకుంటూ వచ్చేవారు. బజ్జీల పొట్లం విప్పినా ముందు కాగితం చదివేవారు. ఈలోగా బజ్జీలు చల్లారిపోయేవి. పిన్నిగారు సణిగేవారు.

ఇంట్లో ఎవరు పుస్తకం తీసినా, వాళ్ళ పేరు రాసిన చీటీ ఆ ఖాళీలో బాబాయిగారు పెట్టేవారు. పుస్తకం తిరిగొస్తే చీటీ తనే చింపేవారు. "పుస్తకం పోతే ఇంకోటి దొరుకుద్దమ్మా. మనిషి మొహం చాటేస్తేనే కష్టం" అనేవారు.

నేను కాలేజీలో ఉండగా, పన్నెండు సంచికలు సాగిన ఓ హత్య కథలో పదకొండోది ఆయనకి చెప్పకుండా తీసి స్నేహితురాలికిచ్చాను. వాళ్ళమ్మ దాన్ని పాత పేపర్లలో కలిపి అమ్మేసింది. బాబాయిగారు అప్పటికి పదోది పూర్తిచేశారు. "ఎక్కడో కలిసిపోయుంటుందిలేమ్మా" అన్నారు. నేను నోరు విప్పలేదు, ఆయన అలమర జోలికీ మళ్ళీ పోలేదు.

చివరిది ఉందిగా, చదివెయ్యండి అంటే ఒప్పుకునేవారు కాదు. "పదకొండు ఒగ్గేసి పన్నెండు చదివితే హంతకుడు నవ్వుతాడమ్మా." అలా పదేళ్ళు వెతికారు. నేనూ వెతికాను, దొంగలా.

చివరికి అమలాపురంలో దొరికింది. ఆ సాయంత్రమే రాజోలు బస్సెక్కాల్సింది. ఏమని చెప్పి ఇవ్వాలో తోచక రేపు, ఎల్లుండి అని నాన్చాను. నా బుద్ధి గడ్డితింది. హంతకుడెవరో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకార్యం అయ్యాక ఆయన అలమర తెరిచాను. పదో సంచికకీ పన్నెండోదానికీ మధ్య రంగు వెలిసిన బస్సు టికెట్టు. దాని వెనక ఆయన చేతిరాతలో నా పేరు.

పిన్నిగారి వైపు చూశాను.

"మొదట్నించీ తెలుసమ్మా ఆయనకి. అడిగితే నువ్వు రావడం మానేస్తావని నన్నూ అడగనిచ్చేరు కాదు."

పుస్తకం దాని చోట పెట్టాను. చీటీ చింపబోయి ఆగిపోయాను. అది ఆయన పని. పుస్తకాల మధ్య నా పేరు ఫ్యాను గాలికి కదులుతూనే ఉంది.