దుబాసీ పరీక్షలో నాలుగో ప్రశ్న

నేను కోర్టు దుబాసీ పరీక్షకు చదువుతున్నది గవర్నమెంటు ఉద్యోగం కోసమనీ, తెల్ల కోటు మీద మోజుతోననీ మా చుట్టుపక్కల అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. నిజానికి నేను చదివింది ఒక మనిషి కోసం. ఆ మనిషి మా చెరకు తోటలో కూలీల మీద సర్దారు. వాడి మీద కసితో చదివినంత శ్రద్ధగా నేను జన్మలో ఇంకేదీ చదవలేదు.

అమ్మా నేనూ ఓడ దిగి ఈ దీవిలో రాకిరాకి దగ్గర తోటకు చేరేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అమ్మది అయిదేళ్ళ గిర్మిట్, అంటే కూలి ఒప్పందం. సర్దారు విశాఖపట్నం వైపు వాడు, మా భాష వాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. అమ్మ ఆ మాట నమ్మి మొదటి వారమంతా సంబరపడింది. తర్వాత ఒకరోజు వాడు తన గదికి వచ్చి వంట చేసి పెట్టమన్నాడు. అమ్మ చేయనంది. మర్నాటి నుంచి, పొద్దున్నే గొలుసుతో టాస్క్, అంటే ఆ రోజు చేయాల్సిన పని, కొలిచేటప్పుడు, మగవాళ్ళకు ఎంత పొడుగు వరస ఇచ్చేవాడో అమ్మకూ అంతే ఇచ్చాడు. అంత మేర కలుపు తీయడం అమ్మ వల్ల కాలేదు. పని ఎగ్గొడుతోందని కోర్టులో కేసు పెట్టించాడు.

కోర్టులో అమ్మ మా వాళ్ళందరూ చేసే పనే చేసింది. పెద్దవాళ్ళ ఎదుట నోరు విప్పే ముందు చేతులు జోడించి, నడుం వంచి, తప్పు కాయమని వేడుకోవడం మా అలవాటు. తప్పు చేసినా అంతే, చేయకపోయినా అంతే. పిల్లకు పెళ్ళి ముహూర్తం అడగడానికి వెళ్ళినా మొదట ఆ మాటే, ఆ తర్వాతే అసలు సంగతి. అమ్మను అసలు సంగతి దాకా పోనివ్వలేదు. పక్కన నిలబడ్డ దుబాసీ ఇంగ్లీషులో ఒక ముక్క అన్నాడు, మేజిస్ట్రేటు ఏదో రాసుకున్నాడు, అయిపోయింది. నేరం ఒప్పుకుంది గనక నెల రోజులు జైలు.

తిరిగి వచ్చాక అమ్మ ముందు నా నెత్తి తడిమి చూసి, తర్వాత అడిగింది. "నాను ఆ గొలుసు సంగతి సెప్పనే నేదు గదరా, మరి తప్పు నాదేనని ఆలకెలా తెలిసింది?"

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, జవాబు తెలియలేదు. తెలిశాక సర్దారు మీద పాము పగ పట్టాను.

మిషన్ బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుని, మిల్లు కాటా దగ్గర గుమాస్తాగా కుదిరాను. అమ్మ గిర్మిట్ అప్పటికే తీరింది. సర్దారు మాత్రం అదే తోటలో, అదే గొలుసుతో ఉన్నాడు. బడి మాస్టరు నాకు ఒక పాత చట్టాల పుస్తకం ఇచ్చాడు. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి. పట్టాల మీద వచ్చే చెరకు ట్రక్కుకూ ట్రక్కుకూ మధ్య దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చదివేవాణ్ణి. ఒక వాక్యం చివరికి వెళ్ళేసరికి దాని మొదలు మరిచిపోయేవాణ్ణి. అంత పొడుగు వాక్యాలు రాసినవాళ్ళను కూడా తిట్టుకున్నాను. ఇక లాభం లేదని పుస్తకమంతా బట్టీ పట్టాను. తిన్నది ఇమిడేది కాదు. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలే. ఒకరోజు బరువు రాయాల్సిన చీటీలో సెక్షన్ నంబరు రాసి ఇచ్చాను. "చెరకు తూస్తన్నావా, చట్టం తూస్తన్నావా?" అని పెద్ద గుమాస్తా అందరి ముందూ నవ్వాడు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. "ఇది సదువు కాదురా నాయినా, నిన్నేదో పట్టింది" అంది. పట్టిన మాట నిజమే.

ఒక మధ్యాహ్నం ఆ పుస్తకంలోనే నాకు దొరికింది. ఆడకూలీకి ఇచ్చే టాస్క్ మగకూలీ టాస్కులో ముప్పాతికే ఉండాలట. మళ్ళీ చదివాను. ట్రక్కు వచ్చి ఆగింది, తోలుకొచ్చినవాడు అరుస్తున్నాడు, నాకు వినబడటం లేదు. చట్టం అమ్మ పక్షానే ఉంది. ఆ సంగతి తెలియనిది అమ్మకే. నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదటిసారి పరీక్ష తప్పాను. పరీక్ష జరిగే సువా పట్నానికి పడవ మీద దారంతా వాంతులు చేసుకుంటూ వెళ్ళాను. ప్రశ్నలు చూడగానే బట్టీ పట్టినదంతా గంగలో కలిసింది. ఇంకొక్కసారే రానిస్తామన్నారు. ఆ సంవత్సరం నేను మనుషులతో మాట్లాడిందే తక్కువ. నిద్ర పట్టకపోతే సర్దారు మొహం తలుచుకునేవాణ్ణి, లేచి మళ్ళీ మొదటి సెక్షన్ నుంచి అందుకునేవాణ్ణి.

రెండోసారి నాలుగో ప్రశ్న ఇదీ: ముద్దాయి జవాబు చెప్పే ముందు చేతులు జోడించి క్షమించమంటే దుబాసీ ఏం చేయాలి? అది నేరం ఒప్పుకోవడం కాదనీ, అది వాళ్ళ మర్యాద అనీ, ఆ సంగతి మేజిస్ట్రేటుకు విప్పి చెప్పి ముద్దాయిని అసలు మాట చెప్పనివ్వాలనీ రెండు పేజీలు రాశాను. పరీక్ష పెట్టిన దొర అది చదివి, ఇంత వివరంగా ఎవరూ రాయలేదన్నాడు. ఆ జవాబుతోనే గట్టెక్కాను.

కోటు తొడుక్కున్న మూడు నెలలకు సర్దారు కోర్టుకు వచ్చాడు. ముద్దాయిగా వచ్చాడు. ఒక కూలీ చేయి విరగ్గొట్టాడని కేసు. కొట్టింది వాడు కాదు. కొట్టింది కులంబర్, అంటే తోట మీద అజమాయిషీ చేసే తెల్లదొర. తను తప్పుకుని సర్దారును ముందుకు తోశాడు. ఇది తోటలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

వరండాలో వాడు నన్ను పట్టుకున్నాడు. ఒకప్పుడు నన్ను ఒరే అన్నవాడే. "బాబూ, తమరు మనోరు. నాను కొట్టనేదు బాబూ, కులంబర్ కొట్టినాడు. ఆ మాట దొరగోరికి కాసింత సెప్పాల."

"లోపలికి పద" అన్నాను.

నేరం చదివారు, నేను తెలుగులో చెప్పాను. వాడు చేతులు జోడించాడు. నడుం వంచాడు. "తప్పు కాయండి దొరగోరూ" అన్నాడు. అసలు సంగతి చెప్పడానికి ఊపిరి తీసుకున్నాడు. అంతలోనే నేను ఇంగ్లీషులో అందుకుని, తప్పు క్షమించమంటున్నాడని చెప్పాను. ఒక అక్షరం కలపలేదు, ఒక అక్షరం తీయలేదు. నాలుగో ప్రశ్నకు రాసిన రెండు పేజీలూ నా నాలుక చివరే ఉన్నాయి. మింగేశాను. మేజిస్ట్రేటు రాసుకున్నాడు. వాడికీ నెల రోజులే పడింది. పోలీసు రెక్క పట్టుకుని తీసుకెళ్తుంటే వాడు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేనూ కళ్ళు తిప్పకుండా చూశాను. అంత హాయి నాకు పరీక్ష పాసైన రోజున కూడా కలగలేదు.

ఇంటికి పరుగున వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నాకు అన్నం వడ్డిస్తోంది.

"ఆడు కొట్టనేదని నీకు తెలుసేటి?" అంది.

"తెలుసు."

"మనోలు ముందుగాల అలాగే అంటారని దొరకి సెప్పినావా?"

"చెప్పలేదు."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. నా కోటు వైపు చూసింది. "అయితే ఆ దినం నా పక్కన నిలబడ్డోడికీ తెలుసన్నమాట" అంది.

సర్దారు మీద నాకు ఆరోజు జాలి లేదు, ఈరోజుకీ లేదు. కానీ ఆ దుబాసీకి మా అలవాటు తెలియదనుకుని, పదేళ్ళుగా నేను వాణ్ణి వదిలేశాను.