పెద్దసారు బండ

గ్రహశకలం మీద గంతులేసే రోవర్లు పంపే ఫొటోలన్నీ వంకరే. అవి చూసీ చూసీ, ఆఫీసంతా ‘ఫొటోల బాబాయి’ అని పిలిచే ఆయన మెడ కుడివైపుకు ఒరిగిపోయింది. ఇంట్లో భార్య తిట్లు కూడా అలా ఒరిగే వింటాడు. కొత్త బండ కనిపిస్తే పేరు పెట్టేది ఆయనే. ప్రమోషన్ల కాలం కదా, అన్నిటికన్నా పెద్ద బండకు భక్తిగా పెద్దసారు పేరు పెట్టాడు. సారు మురిసిపోయి ఆ ఫొటోకి ఫ్రేము కట్టించుకున్నాడు. నిన్న ఓ రోవరు వెళ్లి సరిగ్గా దాని మీదికే గెంతింది. లోపలంతా గుల్లేమో, బండ కాస్తా పిండిపిండైపోయింది. తరవాతి ఫొటోల నిండా దుమ్మే. బాబాయి ఆ దుమ్ములో బండ కోసం వెతుకుతుండగా సారు గుమ్మంలోంచే, “ఏమయ్యా, నా బండ ఎలా ఉంది?” అన్నాడు.

బాబాయి మెడ మొదటిసారి నిటారుగా లేచింది.

“ఏం చెప్పమంటారు సార్, ఎటు చూసినా మీరే!”