కరవడం మానేసిన చిలక

నా చిన్నప్పుడు పుదుచ్చేరిలో చాలా ఇళ్ళలో ఒకటే మాట నలిగేది. ఉండటమా, వెళ్ళటమా అని. ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కింది. ఫ్రెంచి కాగితాలున్నవాళ్ళు మాత్రం ఇకమీదట ఏ దేశం మనుషులుగా ఉండాలో తేల్చుకోవాలి. మా తాతయ్య నూలు మిల్లులో పనిచేసేవాడు, మాకు ఆ బాధ లేదు. పక్కింటి అక్క వాళ్ళ నాన్న ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. పింఛను అక్కడినుంచే వచ్చేది. వాళ్ళు ఫ్రాన్సుకి వెళ్ళటానికే నిశ్చయించుకున్నారు.

అక్కకి ఒక రామచిలక ఉండేది. ఈకలు కూడా రాని పిల్లని తెచ్చి, అరటిపండు గుజ్జు వేలితో తినిపించి పెంచింది. పొద్దున లేవగానే దాని దగ్గరికి వెళ్ళి "సాప్టియా?" అని అడిగేది, తిన్నావా అని. కొన్నాళ్ళకి అదే అక్కని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. కానీ తిండి సంగతి వచ్చేసరికి మా వీధిలో అందరికీ తమిళమే నోటికొచ్చేది.

ఓడలో పక్షుల్ని రానివ్వరని తెలిశాక అక్క ఆ చిలకని నాకిచ్చింది. ప్రయాణానికి ఇంకా కొన్ని వారాలుండగానే ఇచ్చింది. అది మా అవ్వ ఆలోచన. చంటిబిడ్డకి పాలు మాన్పించేటప్పుడు తల్లి కొన్నాళ్ళు కంటపడకుండా తప్పుకుంటుంది. చిలకకీ అదే పద్ధతన్నది అవ్వ. అక్క మా గడప తొక్కకూడదు, దాని కంటపడకూడదు, అప్పుడే అది మాకు అలవాటు పడుతుంది. ఎందరో పిల్లల్ని పెంచిన మనిషి చెప్పింది కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. మా రెండిళ్ళ మధ్య ఉన్నది మనిషెత్తు గోడ. అక్క కనపడదు గాని, అక్క గొంతు రోజంతా వినపడుతూనే ఉంటుంది.

చిలకకి పిచ్చెక్కినట్టయింది. గోడవతల అక్క నవ్వినా, ఎవరినైనా పిలిచినా, పంజరం ఊచలు పట్టుకుని అరిచేది. నీళ్ళ గిన్నె తిరగేసేది. గింజలు వెయ్యబోతే చేతిని కరిచేది. రొమ్ము మీది ఈకలు తానే పీక్కునేది. అవ్వ దానికి వేడి చేసిందని తేల్చింది. పచ్చిమిరపకాయలు మాన్పించి మజ్జిగన్నం పెట్టించింది. చిలక ఆ అన్నాన్ని కాలితో తోసేసింది.

"దొరసాని పెంచిన చిలక గదా, మన కూడు యాడ దిగతాది దానికి" అన్నది అవ్వ.

నాకు మాత్రం రోషం వచ్చింది. వీధిలో పిల్లలందరికీ చిలక నాదని చెప్పుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్ళ ముందు అది నా వేలు పట్టుకుని రక్తం వచ్చేదాకా వదల్లేదు. వాళ్ళు నవ్వుకుంటూ పోయాక ఒక పుల్ల తీసుకుని ఊచల మధ్యనుంచి దాన్ని పొడిచాను. మూలకి పోయి ఒదిగి కూర్చునేదాకా పొడిచాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

తాతయ్య చూశాడో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, పంజరం దగ్గర చాప వేసుకుని, చిలకకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. చెనక్కాయలు ఒలుచుకుని తింటూ, మధ్యమధ్యలో ఒక పలుకు వెనక్కి, పంజరం అంచున పెట్టాడు. మర్నాడూ అంతే. ఎదురుగా నిలబడి పెత్తనం చేసే మొహాన్ని చూడలేకపోయిందేమో, ఆ వీపుని మాత్రం అది భరించింది. కొన్ని రోజులకి పలుకు తీసుకుంది. తర్వాత ఊచల్లోంచి ముక్కు చాచి తాతయ్య చొక్కా పట్టుకుని లాగింది, మెల్లగా.

దానికి మా మీద అంత కోపం ఎందుకని అడిగాను. తాతయ్య తల తిప్పకుండానే చెప్పాడు.

"కోపం గాదురా అది. ఆయమ్మ గొంతు ఇనపడతా ఉండాది, మనిషి రాలేదు. ఏందని అడగతా ఉండాది. దానికి తెలిసిన అడగడం అదే."

వెళ్ళేలోపు అక్కని ఒకసారి రానిమ్మని ఆయన అవ్వతో వాదించాడు. అవ్వ కొంచెం మెత్తబడింది. చివరిరోజు వచ్చి చూసిపొమ్మన్నది. తాతయ్య ఆ కబురు అక్కకి నాతోనే పంపాడు.

వీధి కుళాయి దగ్గర అక్క కనిపించింది. రోజూ అక్కడే నన్నాపి చిలక గురించి అడిగేది. ఆ రోజూ అడిగింది, నన్ను తలుచుకుంటా ఉందా అని. చివరిరోజు రావచ్చునని నేను చెప్పాలి. చెప్పలేదు. అక్క వస్తే చిలక ఎలా ఎగిరి పడుతుందో నాకు తెలుసు. అది అక్కదేనని, ఎన్నటికీ నాది కాదని అందరి ముందూ తేలిపోతుంది.

"నిన్ను మర్చిపోయిందక్కా," అన్నాను. "నా చేతిమీదే తింటా ఉంది."

అక్క బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. "మంచిదే గదరా. అదే గదా కావాల్సింది," అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళే రోజు పొద్దున, ఓడరేవుకి పోయే రైలు కోసం, సామాను బండికెక్కింది. తాతయ్య మిల్లులో ఉన్నాడు. అక్క మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. అవ్వ లోపలికి రమ్మన్నది. అక్క తల అడ్డంగా ఊపింది. "వద్దులే అవ్వా. మర్చిపోయిందంట గదా. నన్ను చూస్తే మళ్ళీ గుర్తొస్తుంది, పాపం." ఇంత చిన్న గొంతుతో అన్నది, పెరట్లో ఉన్న చిలకకి వినపడకూడదని. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. నేను నోరు తెరవలేదు.

తాతయ్య మిల్లు నుంచి రాగానే, అక్క చిలకని చూసి వెళ్ళిందా అని అవ్వని అడిగాడు. అవ్వ అక్క అన్న మాటలు చెప్పింది. ఆయన నావైపు చూశాడు, అంతే. పంజరం తీసి నా చేతికిచ్చి సైకిలు ఎక్కించాడు. స్టేషన్ దాకా ఆయన రొప్పుతూ తొక్కుతుంటే, వెనక కూర్చుని పంజరాన్ని ఒళ్ళో పట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మీద సాగనంపడానికి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వస్తున్నారు. పట్టాలు ఖాళీగా ఉన్నాయి. తాతయ్య బల్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు చిలక గోడవైపు తిరిగి అరిచింది. అవతల ఏ గొంతూ లేదు. ఒకరోజు అరవడం మానేసింది. చెయ్యి పెడితే కరవలేదు. పెట్టింది తిన్నది. "సాప్టియా" అన్న మాట మళ్ళీ దాని నోట వినలేదు. నా వేలి మీద కూడా కూర్చుంది, కట్టెముక్కలాగా. అవ్వ తన పద్ధతి ఫలించిందని సంతోషపడింది. నేనూ సంబరంగా తాతయ్యకి చూపించాను, చూడు, ఎంత మంచిదయిపోయిందో అని.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"కరిచినన్నాళ్ళూ ఆయమ్మ వస్తాదని నమ్మిందిరా. ఇంక నమ్మడంలే."

ఆయన నన్ను ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఎంత బాగుండేదో. చిలక ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, ఎవరినీ ఏమీ అడక్కుండా.

ఇంట్లో ఎవరైనా నా మీద అరిస్తే నాకిప్పుడు భయం వెయ్యదు. ఇంకా నానుంచి ఏదో ఆశిస్తున్నారని అర్థం చేసుకుంటాను. మా ఆవిడ ఒక వయసు వచ్చాక నాతో పోట్లాడటం మానేసింది. ఎంత శాంతంగా ఉందో అని పిల్లలు మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆవిడ పక్కన కూర్చుని, నేనేం తప్పు చేశానో చెప్పమని అడిగాను. అప్పటికే ఆలస్యమైంది. అయినా అడిగాను.

అక్కని అడగడానికి మాత్రం నాకు దారి దొరకలేదు. వాళ్ళు ఏ ఊళ్ళో స్థిరపడ్డారో మా వీధిలో ఎవరికీ తెలియలేదు. బతికుంటే ఎనభై దాటి ఉంటుంది. తను పెంచిన చిలక తనని మర్చిపోయిందనే ఈ రోజుకీ అనుకుంటూ ఉంటుంది.