మా ఆయన శరణుఘోష

ఆ రోజుల్లో మా ఆయనకు కోపం రావడానికి కారణమేమీ అక్కర్లేదు, నేను నోరు తెరిస్తే చాలు. (నేను మాత్రం మహా శాంతపరురాలినని నమ్మకంగా ఉండేదాన్ని.) పెళ్లయిన కొత్త. కర్దనూర్‌లో కిరాయి ఇల్లు, ఆయనకు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. నాకూ అలాంటి ఇంకో కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది, నెలాఖరులోగా చేరాలి. ఆ మాట ఎత్తితే ఇంటి కప్పు ఎగిరిపోయేది. సరిగ్గా అప్పుడే కొడుకు కోపం తగ్గాలని మా అత్త అయ్యప్ప మాల వేయించింది. "కోపమొస్తే తిట్టొద్దు స్వామీ, శరణుఘోష చెయ్యి" అన్నాడు గురుస్వామి. ఇక నాకు అడ్డేముంది అనుకున్నాను.

మర్నాడే అడిగాను, "స్వామీ, నేను పనిల చేరుత" అని. ఆయన ముఖం ఎర్రబడింది. కళ్లు గట్టిగా మూసుకుని "స్వామియే శరణమయ్యప్పా!" అని అరిచాడు. పక్కింటామె పూజ మొదలైందనుకుని పరుగున వచ్చి, "హారతి అయిపోయిందా చెల్లె?" అంది. సాయంత్రం మళ్లీ అడిగాను, మళ్లీ శరణుఘోష. వారం తిరిగేసరికి వాడకట్టంతా మా ఆయన భక్తికి దండాలు పెట్టసాగింది. పైగా నన్ను "మాతా" అని పిలవడమొకటి! (దీక్షలో ఆడవాళ్లంతా మాతలే, కట్టుకున్నదానికీ మినహాయింపు లేదు.) ఒక రోజు "మాతా, జెర నీళ్లియ్యి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెంబు ఠంగుమని పెట్టి, "మాతా లేదు గీతా లేదు! పనికి పంపుతవా లేదా, సక్కగ చెప్పు!" అని విరుచుకుపడ్డాను.

ఆయన శరణుఘోషకు నోరు తెరిచి, సగంలోనే ఆపేశాడు. అక్కడే కూలబడి, "నాకు భయమైతది" అన్నాడు మెల్లగా. "మా కంపెనీల ఒకడు గ్యాస్ పీల్చి పడిపోయిండు. బతికిండు గని, గప్పటిసంది నువ్వు కంపెనీ అంటే గాడే కండ్లల్ల మెదుల్తడు. గది చెప్పరాకనే మొత్తుకుంటున్న." నాకు ఏడుపొచ్చేసింది. పక్కన కూర్చుని, నా పని సీసాలకు లేబుళ్లు అంటించడమేనని చెప్పాను. "నమ్మకపోతే నువ్వే వచ్చి సూడు" అన్నాను.

నిజంగానే వచ్చాడు. చేరే రోజు సెలవు పెట్టి, నల్లబట్టల్లో నా వెంట గేటు దాకా వచ్చి, "లోపట గ్యాస్ ఉంటదా అన్నా? వాసన గిట్ల వస్తదా?" అని వాచ్‌మన్‌ను వదిలిపెట్టడే! నాతో పని చేయబోయేవాళ్లంతా ఆగి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇగ పో! నా ఇజ్జత్ తీస్తున్నవ్!" అని, స్వామి అని కూడా చూడకుండా కేకలేశాను. పాపం, తల దించుకుని వెళ్లిపోయాడు. అంత నోరున్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. సాయంత్రం పని ముగించుకుని బయటికొస్తే, ఆయన రోడ్డుకు అవతల నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచి ఇంటికి వెళ్లనేలేదట.