కత్తెర కంటే ముందు పాలపిట్ట

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో కూర్చుని చేతిలోని ఆహ్వాన కార్డును మడుస్తూ, విప్పుతూ ఉన్నాను. గద్వాలలో ఒకప్పుడు మాదైన మేడ ఇప్పుడు చీరల షోరూం అయింది. ఆ రోజే ప్రారంభం. రిబ్బన్ ఎవరో నాయకుడు కోస్తాడట, నన్నేమో వచ్చి చూసి పొమ్మన్నారు. గద్వాలలో దిగాలో, అదే బస్సులో వెనక్కి పోవాలో తేలలేదు.

పక్కనున్న పెద్దాయన ఇంగ్లీషు చెప్పి రిటైరైన సారు. నా సంగతంతా విని, కార్డు మీది ‘ఇనాగరేషన్’ అన్న మాటపై వేలు పెట్టాడు.

"గిది రోమోళ్ల కాలం మాట. ఏ పని మొదలువెట్టాలన్నా పిట్టలు ఎట్ల ఎగురుతున్నయో చూసి చెప్పెటోడు ఒకడుండె. ఆయన సరే అంటెనే మొదలు. ఆయన కొలువును ‘ఆగర్’ అంటుండిరి, ఆ పేరు మీదికెల్లే ఈ మాట వుట్టింది."

"మా తాత కూడా పిట్టను చూసేవాడు," అన్నాను. "దసరానాడు ఆయనకు పాలపిట్ట కనబడ్డాకే ఊరు జమ్మికి కదిలేది."

"మరి పరేషాన్ ఏంది సార్? కత్తెర ఎవలదైతేంది? పిట్టను చూసుడు మీ ఇంటి పనాయె."

దిగాను. కుర్చీ వేస్తామన్నా కూర్చోలేదు. అందరూ కత్తెర వైపు చూస్తుంటే నేను మేడ పైకి చూశాను. పావురాలే ఉన్నాయి. రిబ్బన్ తెగింది, చప్పట్లు మోగాయి.

పాలపిట్ట కనిపించలేదని నేను ఎవరికీ చెప్పలేదు.